క్లాసు లేని రోజు కూడా మ్యాట్ పరవాలంటే

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో యోగా క్లాసు సోమ, బుధ, శుక్రవారాలే. మిగతా రోజుల్లో ఇంట్లో చేసుకోమని మేడమ్ చెబుతూనే ఉంటారు, మేమూ తలలూపుతూనే ఉంటాం. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం రోజు, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జనం మ్యాట్లు పరిచిన విశాఖ మాది. ఆ మర్నాడు ఇంట్లో ఎంతమంది పరిచారని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు మెదపరు.

బద్ధకమే కారణమంటారు అందరూ. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన తొమ్మిది అడ్డంకుల్లో బద్ధకంతో పాటు సంశయం కూడా ఉంది. నా మటుకు సంశయమే పెద్ద అడ్డంకి. ఇవాళ ఏం చేయాలి, చేసేది సరిగ్గానే ఉందా అనుకునేలోపే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

కాబట్టి ముందు వరస తేల్చేసి కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించండి. నా కాగితం మీద ఇప్పుడున్నది ఇదీ: మెడ, భుజాలు, చీలమండలు తిప్పడం, తాడాసనం, సూర్యనమస్కారాలు నాలుగు, త్రికోణాసనం (కాళ్లు ఎడంగా పెట్టి పక్కకి వంగేది), మార్జాలాసనం, భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ లేపేది), సేతుబంధాసనం, చివర్లో ఐదు నిమిషాలు శవాసనం. అరగంట పడుతుంది. తీరిక లేని రోజు సూర్యనమస్కారాలు రెండు, కాసేపు శవాసనం, అంతే. క్లాసులో నేర్చుకోనివి ఇంట్లో మొదలుపెట్టొద్దు. శీర్షాసనం ఒంటరిగా అసలే వద్దు. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరిని జోరుగా బయటికి నెట్టే కపాలభాతి జోలికి పోకూడదు.

పొద్దున్నే ఖాళీ కడుపుతో చేయడం మేలు. సాయంత్రమైతే భోజనం చేసి మూడు నాలుగు గంటలు, టిఫిన్ తిని రెండు గంటలు గడవాలి. మా హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య ఉన్న చోటే నాకు దిక్కు. టీపాయ్‌ని రాత్రి పడుకోబోయే ముందే పక్కకి జరిపేస్తాను. పొద్దున్నే దాన్ని జరపాలంటే మనసు రాదు మరి. మే నెలలో ఈ ఉక్కపోతకి చేతులు జారుతుంటే మ్యాట్ తీసేసి నూలు జంపఖానా వేసుకుంటాను. యోగాకి వాడే పట్టీలు, దిమ్మలు కొనక్కర్లేదు. కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనంలో పాదాలు అందకపోతే చున్నీని అరికాళ్లకి మెలేసి రెండు చివరలూ పట్టుకోండి. త్రికోణాసనంలో చెయ్యి నేలకి ఆనకపోతే పిల్లల పాత గైడ్లు రెండు మూడు పేర్చుకుని, వాటి మీద పెట్టండి.

ఇక రెండో సంశయం, సరిగ్గా చేస్తున్నామా అన్నది. దీనికి కొన్ని పరీక్షలున్నాయి. భుజంగాసనంలో పైకి లేచాక అరచేతుల్ని నేల మీంచి ఒక్క అంగుళం ఎత్తి చూడండి. ఛాతీ ధబ్బున కిందికి దిగిందంటే ఇంతసేపూ లేపింది చేతులే, వీపు కాదు. ఎంత ఎత్తులో చేతులు వదిలినా ఒళ్లు నిలుస్తుందో, ఇవాళ్టికి మీ హద్దు అదే. త్రికోణాసనాన్ని గోడకి వీపు ఆనించి చేయండి. పై భుజం గోడని వదిలి ముందుకొచ్చేస్తుంటే కింద చెయ్యి మరీ దిగిందన్నమాట, ఇంకో గైడు పేర్చండి. ఏ ఆసనంలోనైనా ముక్కుతో కాకుండా నోటితో గాలి పీలుస్తున్నారంటే ఎక్కువైందని గుర్తు. మోకాల్లోనో నడుంలోనో కలుక్కుమంటే అక్కడితో ఆపేయాలి, మొండికేయొద్దు.

వీడియో పెట్టుకుని చేయడం నాకు నచ్చదు. తల కిందికి ఉండాల్సిన చోట మెడ తిప్పి ఫోన్ వైపు చూస్తాం. దానికన్నా మేడమ్‌ని అడిగి క్లాసులో ఆవిడ చెప్పే మాటల్ని ఆడియో రికార్డు చేసుకోవడం మంచిది. ఆవిడ మాట వింటే మనసు దారిలో పడుతుంది, చూపు ఎటూ పోదు.

ఇంట్లోవాళ్లతో ముందే చెప్పి పెట్టుకోండి. లేకపోతే సరిగ్గా శవాసనంలో ఉండగా "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయేమో చూడు" అని పిలుపొస్తుంది. మా అత్తయ్యగారిని కూడా కుర్చీలో కూర్చోబెట్టి చీలమండలు తిప్పించడం మొదలుపెట్టాక ఆ పిలుపులు తగ్గాయి. పాలు ఇప్పుడు మావారు చూసుకుంటున్నారు.

పెళ్లిళ్లకో ఊళ్లకో వెళ్లినప్పుడు మానేస్తే మానేశారు. వచ్చాక రెండు రోజులది ఒకే రోజు లాగించేయాలని చూడకండి, కండరాలు పట్టేస్తాయి. కాగితం మీది వరసలో సగంతో మొదలుపెడితే చాలు.

ఇంట్లో చేసేటప్పుడు వచ్చే అనుమానాలు ఆ కాగితం మీదే పెన్సిల్‌తో రాసుకోండి. క్లాసు రోజున పది నిమిషాలు ముందు వెళ్లి, అన్నీ కాకుండా ఒక్క ఆసనం మాత్రం మేడమ్ ముందు చేసి చూపించండి. మందిలో ఉన్నప్పుడు కనపడని తప్పు ఆవిడకి అప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. సరిచేయించుకున్నాక ఆ అనుమానాన్ని రబ్బరుతో చెరిపేయొచ్చు.