పంద్రాగస్టు పరేడ్‌కి పిల్లల్ని దింపే ముందు

జూలై ఆఖరు వచ్చేసరికి దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు స్కూలు గ్రౌండ్లన్నిటా విజిళ్ళు మొదలవుతాయి. పంద్రాగస్టుకి గట్టిగా మూడు వారాలే ఉంటాయి. ఎన్‌సీసీలో నేర్చుకున్న డ్రిల్లుని నేను కొన్నేళ్ళుగా ఇక్కడి పిల్లలకి నేర్పుతున్నాను. అడుగు తప్పితే సరిదిద్దుకోవచ్చు. నాకు భయమల్లా పిల్లలు పడిపోవడమే. అందుకే నేర్పే మాస్టార్లకీ, ఇంట్లో అమ్మానాన్నలకీ ఈ మాటలు రాస్తున్నాను.

పిల్లలు ఎక్కువగా పడిపోయేది నడిచేటప్పుడు కాదు, కదలకుండా నిలబడినప్పుడు. నడుస్తున్నంతసేపూ పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. సావధాన్‌లో, అంటే కదలకుండా నిటారుగా, బిగుసుకుని నిలబడితే ఆ రక్తం కాళ్ళలోనే ఆగుతుంది, తలకి అందేది తగ్గుతుంది. ఒక ఏడాది ముఖ్య అతిథి రావడం బాగా ఆలస్యమైంది. వరస చెదరకూడదని నేను విశ్రామ్ (కాళ్ళు ఎడంగా పెట్టి వదులుగా నిలబడడం) చెప్పలేదు. రెండో వరసలో ఉన్న పాప చెట్టు కూలినట్టు ముందుకి పడింది. గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. తప్పు నాదే. అప్పటినుంచి అతిథి కారు గేటు దాటేవరకూ మా పిల్లలు విశ్రామ్‌లోనే, అదీ నీడలో ఉంటారు.

సావధాన్‌లో మడమలు కలిపి, పాదాల మధ్య 30 డిగ్రీలు ఉండాలని అందరం చెబుతాం. మోకాళ్ళ సంగతి చెప్పం. మోకాలు నిటారుగా ఉంటే చాలు, వెనక్కి బిగబట్టక్కర్లేదు. బూటు లోపల కాలివేళ్ళు నొక్కుతూ వదులుతూ ఉండమనండి, బయటికి కనిపించదు. కళ్ళు మసకబారినా, చెవుల్లో హోరు వినిపించినా వెంటనే ఒక మోకాలి మీద కూర్చోవాలి. అలా కూర్చోవడం పరువు తక్కువ కాదని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి. నేను దాన్ని కూడా డ్రిల్లులాగే ప్రాక్టీస్ చేయిస్తాను. లేకపోతే పిల్లలు సిగ్గుతో పడిపోయేదాకా నిలబడతారు.

పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకూడదు. మామూలుగా నిమిషం రెండు నిమిషాల్లో తేరుకుంటారు. ఒళ్ళు కాలిపోతూ, పిచ్చి మాటలు మాట్లాడుతుంటే మాత్రం అది వడదెబ్బ. 108కి ఫోన్ చేయించి, అది వచ్చేలోపు నీడలోకి చేర్చి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. మబ్బు పట్టిన రోజు కదా అనుకోవద్దు. మన దగ్గర ఆగస్టు ఉక్కలో చెమట ఆరదు, ఒంట్లో వేడి లోపలే ఉండిపోతుంది.

అమ్మానాన్నలకి చెప్పేది ఒకటే, ఖాళీ కడుపుతో పంపొద్దు. లడ్డూలు, చాక్లెట్లు పంచేది జెండా ఎగరేశాకే. చద్దన్నం, తరవాణి, రాగి అంబలి, ఇంట్లో ఏది ఉంటే అది పెట్టండి. గంట ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగించండి. నెలసరి రోజుల్లో ఉన్న ఆడపిల్ల కూర్చుంటానంటే కారణం అడగొద్దు.

సికిల్ సెల్ అనే రక్తం జబ్బు గురించి మాత్రం తప్పకుండా అడగాలి. మన దక్షిణ ఒడిశాలో ఇది చాలా ఇళ్ళలో ఉంది. ఆ జబ్బున్న పిల్లల ఒంట్లో నీరు తగ్గినా, ఎక్కువ అలసిపోయినా రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి నాళాలకి అడ్డం పడతాయి, భరించలేని నొప్పులు వస్తాయి. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. జట్టు ఎంచకముందే ఆ కార్డు సంగతి కనుక్కోండి, అందరి ముందూ కాదు, పక్కకి పిలిచి. జబ్బున్న పిల్లకి అనౌన్స్‌మెంట్ పని ఇవ్వొచ్చు, అది కూడా పరేడే.

నిమిషానికి 120 అడుగులు వేయాలి, ఒక్కో అడుగు 30 అంగుళాల దూరం పడాలి అనేది పెద్దవాళ్ళ లెక్క. 'లంబా దాహినే, ఛోటా బాయేఁ' (పొడుగువాళ్ళు కుడివైపు, పొట్టివాళ్ళు ఎడమవైపు) అని ఎత్తుల వరస పెట్టాక పొడుగువాళ్ళ అడుగు అందుకోలేక చివరి పిల్లలు పరిగెడతారు. అడుగు కొలత పొట్టివాళ్ళని బట్టి పెట్టండి. సిమెంటు గచ్చు మీద కాళ్ళు బాదించొద్దు, వారం తిరక్కుండానే ముంగాలి ఎముక నొప్పి పుడుతుంది. మట్టి మీద నేర్పి, గచ్చు మీద ఆఖరి రెండు రోజులు చాలు. నాచు పట్టిన చోట 'పీఛే ముడ్' (వెనక్కి తిరగడం) అసలే వద్దు.

ఆర్డర్లు హిందీలో ఉంటాయి. ఒడియా మీడియం పిల్లలకి డాహాణ అన్న మాట అలవాటే కాబట్టి దాహినే తొందరగా పట్టుబడుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు తడబడి పక్కవాళ్ళని గుద్దుకుంటారు. వాళ్ళకి మొదటి మూడు రోజులు కుడిచేతికి దారం కట్టండి. తిట్టకండి, తప్పు వాళ్ళది కాదు.

ఉరిమితే వెంటనే గ్రౌండ్ ఖాళీ చేయాలి. ఒడిశా 2015లోనే పిడుగుపాటుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, మనకి ఆ బెడద అంత ఎక్కువ. చెట్టు కిందికి కాదు, స్కూలు గదిలోకే వెళ్ళాలి. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట ఆగాలి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక వస్తుంది.

ఇక జెండా కర్ర. పంద్రాగస్టున జెండాని కింద నుంచి పైకి లాగుతాం కాబట్టి కప్పీ, తాడు సాఫీగా నడవాలి. వారం ముందే లాగి చూసుకోండి. ఇరుక్కుంటే ఏ పిల్లాడినీ పైకి ఎక్కించొద్దు. ఇనప కర్రని దించేటప్పుడూ, మళ్ళీ నిలబెట్టేటప్పుడూ పైన కరెంటు తీగ ఉందేమో ముందు చూడండి. తీగ దగ్గరగా ఉంటే లైన్‌మన్‌కి చెప్పి సప్లై ఆపించాకే కర్ర ముట్టుకోవాలి. ఆ పని పెద్దవాళ్ళే చేయాలి, పిల్లల్ని దూరంగా నిలబెట్టి.

కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేయించొద్దు. పది రోజుల ముందు నుంచీ ఇంట్లో తొడిగించి తిప్పండి. గోళ్ళు తీయించి, మందపాటి సాక్సు వేయించండి. వానాకాలం కదా, రాత్రి గుమ్మం దగ్గర విడిచిన బూటులో తేలో, చిన్న పామో దూరొచ్చు. పొద్దున్న తొడిగే ముందు బోర్లించి దులపండి.