కప్‌బోర్డుకు రంధ్రం వేసేముందు: సన్‌మైకా పెచ్చు లేవకుండా జాగ్రత్తలు

గృహప్రవేశం రెండు రోజులుందనగా చిమ్నీ బిగించేవాళ్లు, వాటర్ ఫిల్టర్ పెట్టేవాళ్లు, ఇంటర్నెట్ వైరు లాగేవాళ్లు అందరూ ఒకేసారి వస్తారు. అందరికీ మీ కొత్త కప్‌బోర్డులో ఎక్కడో ఒకచోట రంధ్రం కావాలి. మా వంటింట్లో సింకు పక్క పలకకు గోడలకు వాడే బిట్టుతోనే, హ్యామర్ మోడ్ (దెబ్బలు కొడుతూ తిరిగే పద్ధతి) కూడా ఆపకుండా రంధ్రం వేశారు. పావు అంగుళం పైపు కోసం అవతలి వైపు రూపాయి బిళ్లంత పెచ్చు లేచింది. కార్పెంటర్ నెలరోజులు పడ్డ కష్టం అర నిమిషంలో పాడైంది. అందుకే ఎవరి చేతికైనా డ్రిల్లు ఇచ్చేముందు మీరు పక్కనే నిలబడండి.

సన్‌మైకా అంటే కాగితపు పొరలను రెజిన్‌తో కలిపి నొక్కిన, సుమారు ఒక మిల్లీమీటరు మందం రేకు. గట్టిదే, కానీ పెళుసు. బిట్టు లోపలికి దిగేటప్పుడు దాని కింద ప్లైవుడ్ ఆసరా ఉంటుంది. అవతలి వైపు తేలేటప్పుడు ఏ ఆసరా ఉండదు కాబట్టి ఆ చివరి పొర తెగకముందే ఊడిపోతుంది. ఆ పొరకు వెనక దన్ను ఇవ్వడమే అసలు జాగ్రత్త.

పలక వెనక పనికిరాని చెక్క ముక్కను సందు లేకుండా ఆనించి క్లాంపుతో బిగించండి. చేత్తో పట్టుకుంటే చాలదు, బిట్టు అటు తేలితే చెయ్యి తెగుతుంది. రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, గుర్తు దాని మీదే పెట్టుకోండి. టేపు కొంత సాయమే కానీ చెక్క దన్నుకు బదులు కాదు. బిట్టు కొత్తదై, మధ్యలో సూదిమొన ఉన్న చెక్క బిట్టై ఉండాలి.

వైర్ల కోసం 50, 60 మిల్లీమీటర్ల పెద్ద రంధ్రాలకు హోల్ సా, అంటే మధ్యలో చిన్న బిట్టు, చుట్టూ పళ్లు ఉన్న గుండ్రటి రంపం వాడతారు. దాన్ని ఒకే వైపు నుంచి పూర్తిగా దించనివ్వకండి. మధ్య బిట్టు అవతలికి తేలగానే ఆపి, పలక తిప్పి, ఆ చిన్న రంధ్రాన్నే ఆధారం చేసుకుని రెండోవైపు నుంచి కోయాలి. అప్పుడు పళ్లు రెండు వైపులా లోపలికే దిగుతాయి, మధ్యలో కలుస్తాయి. వేగం తక్కువ ఉంచండి. పొగ వాసన వస్తే ఆపి పొట్టు దులపండి.

స్విచ్ బాక్సు కోసం నలుచదరంగా కోయాలంటే జిగ్‌సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) కావాలి. దీని లెక్క తిరగబడుతుంది. మామూలు బ్లేడు పళ్లు పైకి కోస్తాయి కనుక పెచ్చు పైముఖానికే లేస్తుంది. కాబట్టి కనిపించే వైపు కిందకు పెట్టి, వెనక నుంచి గీసుకుని కోయండి. బిగించేసిన పలకకు అది కుదరదు, అలాంటప్పుడు పళ్లు కిందికి తిరిగి ఉన్న బ్లేడు తెప్పించాలి. ముందుగా నాలుగు మూలల్లో చిన్న రంధ్రాలు వేయండి. మూల పదునుగా ఉంటే కొన్నాళ్లకు అక్కడి నుంచి సన్‌మైకా చీరుతుంది.

తలుపు లోపలి వైపు గిన్నెలా దిగే కబ్జాల రంధ్రం వెడల్పు 35 మిల్లీమీటర్లు, లోతు సుమారు 12 నుంచి 13. తలుపు మందం 18 అయితే మిగిలేది ఐదారే, పైగా బిట్టు మధ్య మొన రంధ్రం అడుగు కన్నా ముందుకు పోతుంది. మొన పొడవు కొలిచి, బిట్టుకు లోతు గుర్తుగా టేపు చుట్టి, వాడేసిన ముక్క మీద ఒకసారి వేయించి చూశాకే తలుపు ముట్టుకోనివ్వండి. నాకు తెలిసి ఎక్కువ తలుపులు పాడయ్యేది ఇక్కడే.

పలక వెనక గోడలో కరెంటు వైరు ఉందేమో చూసి, కరెంటు బోర్డులోని ఎమ్‌సీబీ స్విచ్ దించండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి, ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) పొడి ముఖ్యంగా మంచిది కాదు.

రంధ్రం శుభ్రంగా వచ్చింది కదా అని వెంటనే పైపు దూర్చకండి. సింకు కింద కోసిన అంచు బయటపడి ఉంటే తడి పీల్చి పలక ఉబ్బుతుంది. అంచు చుట్టూ సిలికాన్ పూసి, ఆరాక పైపు పెట్టించండి.