ఒలందావారి (డచ్చివారి) చిట్టా చదవడం – 3వ పాఠం: మూడు గళ్ళ డబ్బు

పోయిన పాఠంలో పుట ఎడమ పక్క చూశాం: తేదీ, సరుకు పేరు, తాన్ల లెక్క. ఇప్పుడు కుడి అంచుకు వద్దాం. అక్కడ 48:13:12 అన్నట్టు మూడు అంకెలు పక్కపక్కన ఉంటాయి. వాటి ముందు ఎఫ్ అక్షరంలాంటి వంకర గీత, తోక కిందికి దిగి కనిపిస్తుంది. అది ఫ్లోరిన్ అన్న మాటకు గుర్తు. చదివేటప్పుడు గిల్డరు అనే చదువుకోండి, రెండూ ఒకటే.

మొదటి గడి గిల్డర్లు, రెండోది స్టైవర్లు, మూడోది పెన్నింగులు. గిల్డరుకు 20 స్టైవర్లు, స్టైవరుకు 16 పెన్నింగులు. 17వ శతాబ్దంలో చాలాకాలం గిల్డరు అన్నది లెక్కలో పేరే. చేతులు మారింది రిక్స్‌డాల్డరు, డ్యుకాటన్ వంటి పెద్ద వెండి నాణేలు. గుమాస్తా ఏ నాణెం పుచ్చుకున్నా దాన్ని ఈ మూడు గళ్ళలోకి మార్చే రాసేవాడు. విలువ ఎంతో ఒక అంచనా కావాలంటే, డచ్చి ఈస్టిండియా కంపెనీలో మామూలు సిపాయి జీతం నెలకు సుమారు 9 గిల్డర్లు. అంటే 180 స్టైవర్లు, రోజుకు 6.

మనవాళ్ళు తడబడేది ఇక్కడే. రూపాయి, అణా, పై లెక్క ఇళ్ళలో విన్నవాళ్ళకు 16 అనగానే మొదటి మెట్టు గుర్తొస్తుంది: రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. డచ్చి లెక్కలో 16 రెండో మెట్టు మీద ఉంది. మొదటి మెట్టు 20. ఈ తేడా చేతికి అలవాటయ్యేదాకా కాగితం పైన “20, 16” అని రాసి పెట్టుకుని లెక్క మొదలుపెట్టండి.

కూడేముందు పుటనంతా ఒకసారి కళ్ళతో దిగిరండి. రెండో గడిలో 19 దాటిన అంకె ఉండకూడదు, మూడో గడిలో 15 దాటకూడదు. మూడో గడిలో 17 కనబడితే గుమాస్తా తప్పు రాశాడనుకోకండి. నూటికి తొంభై సార్లు అది 11నో 14నో మీరు తప్పుగా చదవడమే. సున్న ఉండాల్సిన చోట చిన్న అడ్డగీత ఉంటుంది, దాన్ని 1 అనుకోవద్దు.

ఇప్పుడు కూడిక. అంకెలు అభ్యాసం కోసం అల్లినవి: 48:13:12, 7:9:6, 112:18:10. కుడి నుంచి మొదలుపెట్టాలి. పెన్నింగులు 12, 6, 10 కలిపితే 28. అందులో 16 తీస్తే 12, చేతిలో 1. స్టైవర్లు 13, 9, 18, చేతిలో 1 కలిపి 41. అందులో రెండు ఇరవైలు, మిగిలింది 1, చేతిలో 2. గిల్డర్లు 48, 7, 112, చేతిలో 2, మొత్తం 169. జవాబు 169:1:12. కంప్యూటరు పట్టికలో ఈ మూడు అంకెలను దశాంశంగా ఎక్కిస్తే జవాబు పనికిరాదు. పట్టికే వాడాలనుకుంటే అన్నిటినీ పెన్నింగుల్లోకి మార్చండి (గిల్డర్లను 320తో, స్టైవర్లను 16తో హెచ్చించి), కూడి, చివర వెనక్కి మార్చండి.

పుట అడుగున “ట్రాన్స్‌పోర్ట్” అని ఒక మొత్తం ఉంటుంది. అది సరుకు రవాణా ఖర్చు కాదు. ఆ పుట మొత్తాన్ని తరవాతి పుటకు దింపుకోవడం. దాన్ని ఖర్చుల్లో కలిపేస్తే ఒకే డబ్బు రెండుసార్లు పడుతుంది.

కోరమాండల్ తీరపు గుడ్డల పద్దులు చదివేవాళ్ళకు ఒక గొప్ప సుళువు ఉంది. మచిలీపట్నం (అక్కడి వలందపాలెం పేరు ఈ ఒలందావాళ్ళ వల్ల వచ్చిందే), పాలకొల్లు వంటి చోట్ల కొన్న బట్టను కోర్జీల్లో రాసేవారు. కోర్జీ అంటే 20 తాన్లు. గిల్డరు అంటే 20 స్టైవర్లు. కాబట్టి కోర్జీకి ఎన్ని గిల్డర్లో తానుకు అన్ని స్టైవర్లు! కోర్జీ ధర 23:7:8 అయితే, తానుకు 23 స్టైవర్లు, ఇంకొంచెం. ఆ కొంచెం కోసం 7 స్టైవర్ల 8 పెన్నింగులను పెన్నింగులు చేస్తే 120, దాన్ని 20తో భాగిస్తే 6. తాను ధర 1:3:6. పుటలోని ధరలు పోల్చి చూడాలంటే ఇంతకన్నా త్వరగా అయ్యే దారి లేదు.

రెండు ఉచ్చులు ఇంకా ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ కాగితాల్లో పౌండు గుర్తు కనబడితే ఇంగ్లీషు పౌండనుకోకండి. అది ఫ్లెమిష్ పౌండు, 6 గిల్డర్లు. కంపెనీ వాటా 500 పౌండ్లని రాస్తే 3,000 గిల్డర్లన్నమాట. రెండోది ఇంకా లోతైనది. 17వ శతాబ్దపు ఉత్తరార్ధంలో రిక్స్‌డాల్డరు హాలెండులో 50 స్టైవర్లు, బటావియా (ఇప్పటి జకార్తా, ఆసియాలో కంపెనీ ముఖ్య కేంద్రం) లెక్కలో 60. అవే 100 నాణేలు ఆమ్‌స్టర్‌డామ్ పుస్తకంలో 250 గిల్డర్లు, బటావియా పుస్తకంలో 300. ఆ 50 లాభం కాదు, స్టైవరు పలచబడిందంతే. అందుకే రెండు ఊళ్ళ మొత్తాలను పక్కపక్కన పెట్టేముందు ఆ పుస్తకం ఏ స్టైవరులో రాశారో అంచున రాసుకోండి.

ఇంటి పని: 35 కోర్జీలు, కోర్జీ 18:12:8. మొత్తాన్ని రెండు దారుల్లో కట్టండి. మొదట కోర్జీ ధరను 35తో హెచ్చించండి. తరవాత తాను ధర తీసి 700తో హెచ్చించండి. రెండూ 651:17:8 దగ్గర కలవాలి. మొదటి దారిలో కలవకపోతే, మూడో గడిలో వచ్చిన 280 పెన్నింగులను 16తో భాగించారా, అలవాటుకొద్దీ 12తో భాగించారా చూసుకోండి.