చిన్న రీఫ్ ట్యాంకులో నత్తలు, పీతలు, రొయ్యలు: సమస్య - పరిష్కారం

రీఫ్ ట్యాంకు అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియం. దాన్ని శుభ్రం చేసే జీవులను తెచ్చేటప్పుడు, ఇన్ని లీటర్ల ట్యాంకుకు ఇన్ని నత్తలు అనే లెక్కను ముందు పక్కన పెట్టండి. ఈ జీవులు బతికేది మీ ట్యాంకులో దొరికే తిండి మీద. అందుకే పేరుకున్నది ఏమిటో గుర్తుపట్టాక దాన్ని తినే జీవిని, అదీ కొద్ది సంఖ్యలో తెచ్చుకోవాలి.

సమస్య: కొత్త ట్యాంకులో ఇసుక మీద, అద్దం మీద గోధుమ రంగు పొడి

వేలితో రాస్తే తేలిగ్గా పోతుందా? అయితే అవి డయాటమ్‌లు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు రకం. నీటిలోని సిలికేట్ వాటికి ఆహారం. చాలా ట్యాంకుల్లో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. రెండు మూడు సెరిత్ నత్తలు చాలు. అవి ఇసుకలో, రాళ్ల మీద, అద్దం మీద కూడా మేస్తాయి.

సమస్య: నత్తలు ఒక్కొక్కటే చనిపోతున్నాయి

అన్నిటికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. ఎప్పుడు చనిపోయిందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది.

తెచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పోతే, సంచిలోని నీటికీ మీ ట్యాంకు నీటికీ ఉప్పు శాతంలో తేడాను అనుమానించండి. చేపలు ఓర్చుకునే మార్పును నత్తలు, రొయ్యలు ఓర్చుకోలేవు. సన్నని గొట్టంతో ట్యాంకు నీటిని బొట్టు బొట్టుగా కలుపుతూ గంట సేపైనా అలవాటు చేయాలి. చిన్న ట్యాంకులో ఆవిరి వల్ల ఉప్పు త్వరగా పెరుగుతుంది కాబట్టి తగ్గిన మేరకు రోజూ ఉప్పులేని ఆర్వో నీళ్లే పోయాలి. ఉప్పును సూచించే నీటి సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉండాలి. ఆ ట్యాంకులో ఎప్పుడైనా రాగి ఉన్న చేపల మందు వాడారేమో కూడా చూసుకోండి. రాగి ఈ జీవులకు విషం.

నెలా రెండు నెలలు బాగా ఉండి, అద్దం తళతళలాడుతున్నప్పుడు పోతే అది ఆకలి చావే. ఇక కొత్తవి తేకండి. మిగిలినవాటికి ఎండు నోరి (తినే సముద్రపు నాచు) ముక్కను రాతికి కట్టి పెట్టండి, తినకుండా మిగిలింది మర్నాడు తీసేయండి.

ఖాళీ అయిన గుల్లలో హెర్మిట్ పీత (నత్త గుల్లల్లో కాపురముండే పీత) కనిపిస్తే, గుల్ల కోసం అదే నత్తను చంపి ఉండవచ్చు. రకరకాల సైజుల్లో ఖాళీ గుల్లలు వేస్తే ఈ గొడవ తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు. నన్నడిగితే, చిన్న ట్యాంకుకు హెర్మిట్‌లు లేకపోవడమే మేలు.

నత్త రకం కూడా చూడాలి. ఆస్ట్రేయా (Astraea) నత్త వెల్లకిలా పడితే తనంతట తాను లేవడం కష్టం, చూసినప్పుడల్లా తిప్పి పెట్టాలి. ట్రోకస్ నత్తకు ఆ బాధ లేదు, నా మొదటి ఎంపిక అదే. మార్గరీటా నత్తలు చల్లని నీటివి, రీఫ్ ట్యాంకు వేడిలో ఎక్కువ కాలం బతకవు. చచ్చిన నత్తను వెంటనే తీసేయండి, తక్కువ నీటిలో అమ్మోనియా త్వరగా పెరుగుతుంది.

సమస్య: నత్తలున్నా పొడవాటి పచ్చ నాచు తగ్గడం లేదు

పీచులా పెరిగిపోయిన నాచును చాలా నత్తలు ముట్టవు, లేతదే తింటాయి. ముందు చేత్తో పీకేయండి, చేపల మేత తగ్గించండి, నీళ్లు మార్చండి, నాచుకు ఎరువులా పనిచేసే నైట్రేట్, ఫాస్ఫేట్ నీటిలో ఎంత ఉన్నాయో పరీక్షించండి. ఆ తర్వాత మొలిచే లేత నాచును ట్రోకస్‌లు చూసుకుంటాయి. పెద్ద టర్బో నత్త బాగానే తింటుంది గానీ, అతికించని కోరల్ ముక్కలను పడదోస్తుంది.

సమస్య: ఎర్రటి జిగురు పొర

ఇది సయానోబ్యాక్టీరియా, నాచులా కనిపించే బ్యాక్టీరియా. దీన్ని నమ్మకంగా తినే జీవి లేదు. సైఫన్‌తో లాగేసి, ఆ మూలకు నీటి ప్రవాహం పెంచండి.

సమస్య: బుడగలతో వేలాడే గోధుమ రంగు తీగలు

డయాటమ్‌లనుకుని నత్తలు తెచ్చిపోయకండి. ఇవి డైనోఫ్లాజెలేట్‌లు (ఒక రకం ఏకకణ జీవులు) కావచ్చు, వాటిలో కొన్ని రకాలు తిన్న నత్తలను చంపుతాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో ఇవి తరచూ వస్తాయి, కాబట్టి ఇక్కడ మేత మరీ తగ్గించడం పనికిరాదు.

సమస్య: ఎయిప్టేసియా (ట్యాంకులో కలుపులా పెరిగే అనిమోన్) తింటుందని తెచ్చిన పెప్పర్‌మింట్ రొయ్య కోరల్స్ తింటోంది

అది క్యామెల్ రొయ్య అయి ఉండవచ్చు. ఎర్రటి ఒంటి మీద స్పష్టమైన తెల్ల గీతలు, వీపు మీద గూను, పెద్ద కళ్లు ఉంటే అదే. దాన్ని తీసేయాల్సిందే.

సమస్య: ఇసుక మురికిగా ఉంది

ఇసుక జల్లెడ పట్టే స్టార్‌ఫిష్‌ను చిన్న ట్యాంకుకు తేవద్దు. ఇసుకలోని మేలు చేసే చిన్న జీవులన్నిటినీ తినేసి, ఆపై ఆకలితో చస్తుంది. మిగిలిపోయిన మేత కోసమైతే ఒకటి రెండు నాసేరియస్ నత్తలు సరిపోతాయి. అవి ఇసుకలో దాక్కుని, మేత వాసన తగలగానే పైకి వస్తాయి. నాచు మాత్రం తినవు.