వరద తర్వాత చిన్న సంఘాలు అత్యవసర గ్రాంటుకు దరఖాస్తు చేసుకోవడం ఎలా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగాయి. అదే రోజుల్లో మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచెత్తింది. ఇటువంటి ఆపద వచ్చినప్పుడల్లా ప్రభుత్వ యంత్రాంగంతో పాటు యువజన సంఘాలు, అపార్టుమెంటు కమిటీలు, గుడి, చర్చి, మసీదు కమిటీలు, మహిళా సంఘాలు మోకాటిలోతు నీళ్లలోకి దిగుతాయి. తొలి మూడు నాలుగు రోజులు సొంత చందాలతో నెట్టుకొస్తాయి. ఆ తర్వాత చేతిలో డబ్బు అయిపోతుంది, అసలు పని మాత్రం నీళ్లు తీశాకే మొదలవుతుంది. గ్రాంటు కోసం వెతుకులాట ఆ దశలో ఆరంభమవుతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. ఇచ్చేవారు తలచుకుంటే నాలుగు రోజుల్లో నిర్ణయం తీసుకోగలరు గాని, ఆ సొమ్ము పుచ్చుకోవడానికి కావలసిన కాగితాలు నెలలు గడిస్తే గాని చేతికి రావు. అందుచేత అత్యవసర గ్రాంటు దరఖాస్తులో సగం వానాకాలానికి ముందే సిద్ధం చేసి పెట్టుకోవలసినది. మిగిలిన సగం మాత్రమే ఆపద వచ్చాక రాయవలసినది.

మొదటి అడుగు: ఏ తలుపు తట్టాలో తేల్చుకోండి

చాలామంది ముందుగా కలెక్టరు కార్యాలయానికి వెళ్లి రాష్ట్ర విపత్తు నిధి నుంచి తమ సంఘానికి ఏమైనా ఇప్పించమని అడుగుతారు. ఆ నిధి ప్రభుత్వ శాఖలు ఖర్చు పెట్టడానికీ, బాధితులకు నేరుగా సాయం అందించడానికీ ఉద్దేశించినది. స్వచ్ఛంద సంఘాలకు గ్రాంటుగా ఇచ్చేది కాదు. ముఖ్యమంత్రి సహాయ నిధి కూడా సంఘాలు దరఖాస్తు చేసుకునే చోటు కాదు. ఈ రెండింటి చుట్టూ తిరిగి విలువైన వారం పోగొట్టుకోకండి.

మీకు అందుబాటులో ఉన్నవాటిలో పెద్దది కంపెనీల సామాజిక బాధ్యత నిధి, అంటే అందరి నోటా నలిగిన సీఎస్ఆర్. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, లేదా అంతకు మించి ఉన్న కంపెనీ, గడిచిన 3 సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజానికి పనికొచ్చే కార్యక్రమాలపై వెచ్చించాలి. ఆ కార్యక్రమాల జాబితాలో విపత్తు సహాయం, పునరావాసం, పునర్నిర్మాణం 2019లో చేరాయి. తాను పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది కాబట్టి, దూరాన ముంబైలో ఉన్న పేరుమోసిన సంస్థ కన్నా మీ ఊరి శివార్లలో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీయే మీకు దగ్గరి దారి.

చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన విరాళం సీఎస్ఆర్ లెక్కలోకి రాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన వివరణలో పేర్కొంది. అంటే ఆ లెక్కలోకి వచ్చేలా వరద సాయం చేయదలచిన కంపెనీ ఆ పని స్వయంగానైనా చేయాలి, లేదా అర్హత ఉన్న ఒక సంఘం వంటి మరో దారినైనా వెతుక్కోవాలి. మీకు వారు అవసరమైనట్టే, ఆ సమయంలో వారికి మీరూ అవసరం కావచ్చు. ఈ మాట గుర్తుంటే దరఖాస్తు రాసే చేతికి బెరుకు తగ్గుతుంది.

రెండో దారి రోటరీ, లయన్స్ క్లబ్బులది. రోటరీ ఫౌండేషన్ విపత్తు స్పందన గ్రాంటు, లయన్స్ అంతర్జాతీయ ఫౌండేషన్ అత్యవసర గ్రాంటు ఇస్తాయి. వీటిని అడగవలసినది ఆ క్లబ్బుల 'జిల్లా' మాత్రమే, ఇక్కడ జిల్లా అంటే రెవెన్యూ జిల్లా కాదు, అనేక క్లబ్బులు కలిసిన వారి సొంత విభాగం. మీరు నేరుగా అడగలేరు. మీ ఊరి క్లబ్బు కార్యదర్శికి మీ వాడ అవసరం చూపించి, వారి చేత అడిగించుకోవాలి.

రెండో అడుగు: కాగితాలు వానకు ముందే సిద్ధం చేసుకోండి

సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్ట్రేషను, సంఘం పేరిట పాన్ కార్డు, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ వద్ద 12ఏ, 80జి అని అందరూ పిలుచుకునే పన్ను మినహాయింపు నమోదులు, స్వచ్ఛంద సంస్థల కోసం ఉన్న నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య, గత 3 ఏళ్ల ఆడిట్ నివేదికలు: ఇవి ప్రాథమిక కాగితాలు. కంపెనీ సొమ్ము తీసుకోవాలంటే వీటికి తోడు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 అనే నమోదు కావాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. దాన్ని చార్టర్డ్ అకౌంటెంటు వంటి వృత్తి నిపుణుడు ధ్రువీకరించి ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. అలాంటి పనుల్లో సంఘానికి కనీసం 3 సంవత్సరాల అనుభవం ఉండాలన్న నిబంధన కూడా ఉంది కనుక, నిన్న పుట్టిన సంఘం నేడు సీఎస్ఆర్ సొమ్ము ఆశించడం కుదరదు.

అన్ని కాగితాల్లోనూ సంఘం పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఇది చాదస్తంగా తోస్తుంది గాని, మా సంఘం దీని రుచి చూసింది. ఆంగ్లంలో రాసేటప్పుడు మా 'సమితి' చివర రిజిస్ట్రేషను పత్రంలో ఒక అక్షరమూ, బ్యాంకు పాసు పుస్తకంలో రెండు అక్షరాలూ పడ్డాయి. మంజూరైన సొమ్ము ఆ ఒక్క అక్షరం దగ్గర పదకొండు రోజులు ఆగింది. అది ఖాతాలో పడేసరికి వాడలో కొందరు అప్పు చేసి గోడలకు సున్నం కూడా వేయించుకున్నారు.

అసలు రిజిస్ట్రేషనే లేని యువజన బృందమో, కాలనీ కమిటీయో అయితే దిగులుపడనక్కరలేదు. అర్హతలన్నీ ఉన్న ఒక సంస్థతో ముందుగానే రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. సొమ్ము వారి ఖాతాలోకి వస్తుంది, బిల్లులు వారి పేరిట ఉంటాయి, సర్వే, పంపిణీ, పర్యవేక్షణ మీ మనుషులు చూసుకుంటారు. ఎవరి బాధ్యత ఏమిటో ఒక పేజీలో రాసుకుని ఇరువైపులా సంతకాలు పెట్టుకోవడం మేలు. నోటిమాటగా సాగిన పొత్తు పంపిణీ రోజునే తెగిపోవడం ఎరగని సంగతి కాదు.

మూడో అడుగు: విదేశాల నుంచి వచ్చే చందా విషయంలో నిదానించండి

వరద వార్త టీవీలో రాగానే అమెరికాలో ఉన్న మన ఊరివారు వాట్సాప్‌లో ఖాతా నంబరు అడుగుతారు. వారి మంచి మనసును శంకించనక్కరలేదు గాని, వారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి తీరాలి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపినది మాత్రం, వారికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘాలు సంస్థాపరంగా పంపేదీ అంతే. అది పుచ్చుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. అలా వచ్చే సొమ్ము ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే ముందుగా జమ కావాలి. ఆ నమోదు ఉన్న పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్మును మీ ఖాతాకు మళ్లించడం కూడా 2020 సవరణతో నిషిద్ధమైంది. వారు మీ వాడలో తామే ఖర్చు పెట్టవచ్చు, మీకు బదిలీ చేయలేరు. నమోదు లేని సంఘం ఇటువంటి దాతలకు మర్యాదగా విషయం చెప్పి, నమోదు ఉన్న సంస్థ వివరాలు ఇవ్వడమే క్షేమం.

నాలుగో అడుగు: వాడ తిరిగి, అందని అవసరాన్ని పట్టుకోండి

దరఖాస్తుకు ప్రాణం ఇక్కడుంది. ముంపు వచ్చిన తొలి రోజుల్లో పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు, పాల ప్యాకెట్లు మెయిన్ రోడ్డు మీద గుట్టలు పడతాయి. లోపలి సందుల్లో అవే దొరకవు. వారం తిరిగేసరికి బియ్యం, దుప్పట్లు రెండేసి సార్లు అందిన ఇళ్లూ, ఒక్కసారీ అందని ఇళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇచ్చేవారు రోజుకు పదుల కొద్దీ దరఖాస్తులు చూస్తారు. వాటిలో చాలావాటిలో 'నిత్యావసరాల కిట్లు' అనే మాటే ఉంటుంది. అందుకే ఎవరూ ఇవ్వనిదేదో కనిపెట్టి అదే అడగాలి.

ఒక నోటు పుస్తకం తీసుకుని ఇద్దరేసి మనుషులు సందుకో జట్టు చొప్పున వెళ్లండి. కుటుంబ పెద్ద పేరు, ఎందరు ఉంటారు, అద్దె ఇల్లా సొంతమా, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, ఏం పాడయ్యాయి, ఇప్పటికి ఏం అందింది: ఈ ఆరు గడులు చాలు. వచ్చిన జాబితాను వార్డు లేదా గ్రామ సచివాలయంలోని జాబితాతో, తెలంగాణలో అయితే పంచాయతీ లేదా మునిసిపాలిటీ జాబితాతో పోల్చండి. విజయవాడ ముంపులో కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. అటువంటి సాయం ఉన్నచోట గ్యాసు పొయ్యి బర్నరు, కుట్టుమిషను మోటారు, తోపుడు బండి చక్రం వంటివి ఆ సొమ్ములో ఇముడుతాయా, మిగిలిపోతాయా అని ఇంటింటా అడగండి. మిగిలిపోయేవే మీ దరఖాస్తులోని విషయం.

ఐదో అడుగు: లెక్క కట్టండి

250 కుటుంబాలు, సుమారు 1,000 మంది ఉన్న ఒక వాడను ఊహించుకుందాం. విపత్తు సాయంలో ప్రపంచమంతటా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు తాగడానికీ వాడకానికీ కలిపి కనీసం 15 లీటర్ల నీళ్లు కావాలి. అంటే రోజుకు 15,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకరు మూడు ట్రిప్పులు, 7 రోజులకు 21 ట్రిప్పులు. ట్రిప్పు 900 రూపాయలనుకుంటే 18,900. బురద తీయడానికి పది మంది కూలీలు, 800 చొప్పున 6 రోజులు, 48,000. 180 ఇళ్ల పొయ్యిల మరమ్మతు 450 చొప్పున 81,000. 22 కుట్టుమిషన్ల మరమ్మతు 1,800 చొప్పున 39,600. రవాణా, రిజిస్టర్లకు 6,200. ఆడిటరు ఫీజు 5,000. మొత్తం 1,98,700 రూపాయలు. ఈ ధరలు ఉదాహరణకే. మీరు మీ ఊరి కొటేషన్లు జతచేయాలి.

ఆ మొత్తాన్ని 2 లక్షలకు గుండ్రం చేయకండి. గుండ్రటి అంకె చూడగానే చదివేవారికి ఇది బల్ల దగ్గర కూర్చుని వేసిన లెక్క అనిపిస్తుంది. 22 కుట్టుమిషన్లు అన్న మాట, మీరు ఆ 22 గడపలూ ఎక్కారని చెప్పకనే చెబుతుంది.

ఆరో అడుగు: రెండు పేజీల్లో రాయండి

అత్యవసర దరఖాస్తు రెండు పేజీలు దాటితే చదివేవారికి ఓపిక ఉండదు. సంఘం చరిత్ర, ఆశయాలు, అధ్యక్షుల వారి సేవా నిరతి మొదట పెట్టడం మనకు అలవాటు. వాటిని చివరి పేరాలో మూడు వాక్యాలకు కుదించండి. మొదటి వాక్యంలోనే ఎవరికి, ఎక్కడ, ఏం, ఎన్ని రోజుల్లో, ఎంత అన్నది తేలిపోవాలి. ఉదాహరణకు: 'మా వార్డులో ముంపుకు గురైన 250 కుటుంబాలకు 7 రోజుల మంచినీరు, ఇళ్లలోని బురద తొలగింపు, పాడైన 180 పొయ్యిలు, 22 కుట్టుమిషన్ల మరమ్మతు 15 రోజుల్లో పూర్తి చేయడానికి 1,98,700 రూపాయల సాయం కోరుతున్నాము.' దాని కింద సర్వే సారాంశం, బడ్జెటు పట్టిక, ఏ పని ఎవరు ఏ రోజు చేస్తారన్న వివరం, ఇతరుల నుంచి ఇప్పటికే అందినది ఎంత అన్న నిజాయితీ గల ఒక వాక్యం ఉండాలి. పాలకవర్గ తీర్మానం నకలు, ఇద్దరు సంతకందారుల వివరాలు, రద్దు చేసిన చెక్కు జతపరచండి.

ఒకే దరఖాస్తును నలుగురికి పంపవచ్చు గాని, ఆ సంగతి నలుగురికీ చెప్పాలి. ఇద్దరు ఒప్పుకుంటే పద్దులు విడదీసి, ట్యాంకర్లు ఒకరికి, మరమ్మతులు మరొకరికి చూపండి. ఒకే బిల్లు ఇద్దరికి చూపిన సంఘానికి మూడోవారి దగ్గర మొహం చెల్లదు.

ఏడో అడుగు: సొమ్ము వచ్చాక

గ్రాంటు కోసం వేరే పద్దు తెరవండి, వీలైతే వేరే ఖాతాయే తెరవండి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఖర్చును ఖర్చుగా పరిగణించరు, కాబట్టి ట్యాంకరు యజమానికీ, మెకానిక్కుకూ బ్యాంకు ద్వారానే చెల్లించండి. కూలీలకు నగదు ఇవ్వక తప్పనిచోట మస్టరు రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. మరమ్మతైన ప్రతి పొయ్యికీ ఇంటివారి సంతకం ఉన్న చీటీ ఉండాలి. ఫొటోల విషయంలో ఒక మనవి: చేతులు చాచిన ముసలమ్మల వరుస కన్నా, మరమ్మతుకు ముందూ తర్వాతా ఉన్న కుట్టుమిషను ఫొటో ఎక్కువ చెబుతుంది. మనుషుల ఫొటో తీసేముందు వారి అనుమతి అడగండి.

పని ముగిశాక చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే వినియోగ ధ్రువపత్రంపై యూడీఐఎన్, అంటే ఆ పత్రానికి మాత్రమే చెందిన ప్రత్యేక గుర్తింపు సంఖ్య, ఉందో లేదో చూసుకుని, ఒక చిన్న నివేదికతో కలిపి గడువుకు ముందే పంపండి.

ఇక వేసుకున్న లెక్క ప్రకారమే అంతా జరగదు. పై ఉదాహరణలో ఐదో రోజు సాయంత్రానికి మునిసిపల్ కుళాయి వచ్చిందనుకోండి. 15 ట్రిప్పులతో అవసరం తీరి, 6 ట్రిప్పుల సొమ్ము 5,400 రూపాయలు మిగులుతుంది. కళ్లెదుట పుస్తకాలు తడిసిన పిల్లలు కనబడుతున్నారు కదా అని దాన్ని నోటు పుస్తకాలకు తిప్పేయకండి. ఆ రాత్రే దాతకు నాలుగు వాక్యాల ఈమెయిలు రాయండి: నీళ్లు వచ్చాయి, ఇంత మిగిలింది, దీన్ని ఫలానా బడి పిల్లల నోటు పుస్తకాలకు వాడుకోవడానికి అనుమతించగలరా, లేకుంటే తిరిగి పంపుతాము. జవాబు వచ్చేదాకా ఆ 5,400 ఖాతాలోనే ఉండాలి.