లోకక్రమాన్ని కాపాడే జాతులు – 4వ పాఠం: కుర్చీ ఖాళీ అయినప్పుడు

మొదటి పాఠంలో మీరు సృష్టించబోయే దివ్యజాతికి ఒక ధర్మాన్ని ఎంచుకున్నారు. రెండో పాఠంలో దానికి రూపం ఇచ్చారు. మూడో పాఠంలో ఆ ధర్మాన్ని పనులుగా విడగొట్టి ఒక్కొక్కరికీ ఒక్కో బాధ్యత అప్పగించారు. కొత్తగా చేరినవాళ్లు కంగారుపడక్కర్లేదు. ఒక ధర్మం, దాన్ని పంచుకున్న నాలుగైదు బాధ్యతలు కాగితం మీద రాసుకుంటే ఈ పాఠం మొదలుపెట్టొచ్చు.

ఇవాళ్టి పని ఆ జాతికి ఒక సమాజాన్ని ఏర్పరచడం. ఫాంటసీ రాసేవాళ్లలో చాలామంది ఇక్కడ ఒక పిరమిడ్ గీసి ఊరుకుంటారు. పైన ఒక మహాశక్తి, ఆ కింద ముగ్గురు, ఆ కింద తొమ్మిదిమంది, అట్టడుగున లెక్కలేనంతమంది సేవకులు. చూడటానికి బాగుంటుంది కానీ కథలో పనికిరాదు. ఎవరు ఎవరికంటే పైనో అది చెబుతుంది, వాళ్లు ఎలా బతుకుతున్నారో చెప్పదు. క్రమమే ప్రాణంగా ఉన్న జాతి రోజూ అదే పని అదే తీరులో చేస్తుంది కాబట్టి, మామూలు రోజున చూస్తే మనకు ఏమీ తెలియదు. అందుకే నేను నేర్పే పద్ధతి వేరు. మీ పిరమిడ్‌లోంచి ఒకరిని తీసేయండి. ఆ చోటు ఖాళీ అయ్యాక మిగతావాళ్లు ఏం చేస్తారో అదే మీ సమాజం.

పురాణాలు ఈ పని చాలా శ్రద్ధగా చేశాయి. ఇంద్రుడు అనగానే మనకు ఒక వ్యక్తి గుర్తొస్తాడు. కానీ పురాణాల లెక్కలో అది పదవి. బ్రహ్మకు ఒక పగలైన కల్పంలో 14 మన్వంతరాలు, ఒక్కోటీ ఒక్కో మనువు ఏలే కాలం. మన్వంతరం మారినప్పుడల్లా మనువుతో పాటు ఇంద్రుడు, సప్తర్షులు, దేవగణాలు అందరూ మారిపోతారు. ఇప్పుడు నడుస్తున్నది ఏడోదైన వైవస్వత మన్వంతరం, ఇందులో ఇంద్రుడి పేరు పురందరుడు. తర్వాత వచ్చే సావర్ణి మన్వంతరంలో ఆ స్థానం బలి చక్రవర్తిది. అసురుల రాజే దేవతల రాజవుతాడన్నమాట. ఈ ఒక్క వివరంతో ఎంత తెలిసిపోయిందో చూడండి. ఆ సమాజంలో కుర్చీకి పుట్టుక అడ్డం కాదు, పదవికి గడువుంది, వారసుడెవరో ముందే ఖరారైంది.

ఇది గడువు ప్రకారం జరిగే మార్పు. గడువు కాకుండా ఖాళీ వస్తే? దానికి మహాభారతం ఉద్యోగపర్వంలో నహుషుడి కథ ఉంది. వృత్రుణ్ణి చంపాక పాపభయంతో ఇంద్రుడు వెళ్లి నీళ్లలో తామరతూడులో దాక్కుంటాడు. రాజు లేక లోకాలు తల్లడిల్లుతుంటే దేవతలూ ఋషులూ కలిసి భూలోకంలో మంచి పేరున్న నహుషుణ్ణి తెచ్చి ఆ స్థానంలో కూర్చోబెడతారు. తనకు అంత బలం లేదని అతను వెనకాడితే, నీ కంటబడిన ప్రతివాడి తేజస్సూ నీకు వస్తుందని వరమిస్తారు. అక్కడినుంచి మనిషి మారిపోయాడు. శచీదేవి తనకు కావాలన్నాడు, ఋషుల చేత పల్లకీ మోయించాడు, అగస్త్యుణ్ణి కాలితో తన్నాడు, శాపం తగిలి పాముగా నేలమీద పడ్డాడు.

ఈ కథను నీతికథగా కాక ఒక వ్యవస్థ పటంగా చదవండి. ఖాళీని ఎవరు గుర్తించారు? దేవతలూ ఋషులూ కలిసి. ఎవరిని ఎంచుకోవచ్చు? అర్హత ఉంటే మనిషినైనా. కూర్చున్నవాడికి ఏం దక్కింది? కుర్చీ బలం దక్కింది, కుర్చీకి తగిన నిగ్రహం దక్కలేదు. దించాల్సి వస్తే దారేమిటి? మామూలు దారి లేదు, ఒక ఋషి శాపం కావాల్సి వచ్చింది. ఈ నాలుగు ప్రశ్నలే ఇవాళ్టి పాఠానికి గుండెకాయ. వీటికి మీ జాతి ఇచ్చే జవాబులు నహుషుడి కథకు భిన్నంగా ఉండాలి, కానీ ఇంతే కచ్చితంగా ఉండాలి.

అధికారం ఎక్కడ నివసిస్తుందన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఇంద్రుడి విషయంలో అది పదవిలో ఉంది. మెసొపొటేమియా కథల్లో అది ఒక వస్తువులో ఉంటుంది. విధిఫలకం ఎవరి చేతిలో ఉంటే లోకాల మీద ఆజ్ఞ వాళ్లది. ఎన్‌లిల్ దేవుడు స్నానం చేస్తుండగా అంజూ అనే మహాపక్షి దాన్ని ఎత్తుకుపోతుంది. ఆ క్షణంలో దేవతల పాలన స్తంభించిపోతుంది, చివరికి నినుర్త అనే దేవుడు యుద్ధం చేసి తిరిగి తెస్తాడు. అధికారం వస్తువులో పెడితే మీ కథలో దొంగతనం సాధ్యమవుతుంది, పదవిలో పెడితే కుట్ర సాధ్యమవుతుంది. మూడో దారి, అధికారం ఆ జీవిలోనే ఉండటం. ఈజిప్టు వాళ్ల పరలోక న్యాయసభ చూడండి. చనిపోయినవాడి గుండెను సత్యానికీ క్రమానికీ దేవత అయిన మాత్ ఈకతో తూచే ఆ సభలో 42 మంది విచారకులు ఉంటారు. చనిపోయినవాడు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, ఒక్కొక్కరి ముందు ఒక్కో తప్పు తాను చేయలేదని చెప్పుకోవాలి. ఇప్పుడు ఆ 42 మందిలో ఒకరు మాయమయ్యారనుకోండి. ఒక తప్పును అడిగేవాళ్లు ఉండరు. ఆ తప్పు చేసినవాళ్లంతా నిష్పూచీగా దాటిపోతారు. పాత గ్రంథాల్లో ఈ కథ లేదు, నా ఊహ మాత్రమే. కానీ ఒక నవలకు సరిపోయే ఊహ, ఎవరికైనా పనికొస్తే సంతోషంగా వాడుకోండి.

ఇక మనం మొదటినుంచీ కలిసి కడుతున్న నమూనా జాతి దగ్గరికి వద్దాం. వీళ్లు మేరకాపరులు. వీళ్ల ధర్మం ఒక్కటే, ఏదీ తన మేర దాటకూడదు. ఒకరు సముద్రానికీ నేలకూ మధ్య నిలబడతారు, ఒకరు రాత్రికీ పగటికీ మధ్య, ఒకరు నిద్రకూ మెలకువకూ మధ్య, ఒకరు బతుకుకూ చావుకూ మధ్య. ఈ జాతికి బీజం గ్రీకు తాత్వికుడు హెరాక్లిటస్ మాటలో ఉంది. సూర్యుడు తన హద్దులు దాటడు, దాటితే ఎరిన్యులు పట్టుకుంటారు అన్నాడాయన. పగతీర్చే దేవతలుగా పేరుపడ్డ ఎరిన్యులు సూర్యుడి నడకకు కూడా కాపలా అన్న ఆలోచన నాకు ఎప్పటికీ పాతబడదు.

ఇప్పుడు నిద్రకూ మెలకువకూ మధ్య ఉన్న కాపరిని తీసేద్దాం. ఎందుకు పోయాడన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ చోటు ఎవరు నింపుతారో తేల్చాలి.

మొదట తట్టే జవాబు, పైనున్న మహాశక్తి ఇంకొకరిని పుట్టిస్తుందని. ఇది రాయకండి. ఖాళీ వచ్చిన మరుక్షణం నిండిపోతే అక్కడ సమాజమూ లేదు, కథా లేదు. రెండో జవాబు, పక్కనున్న రాత్రి కాపరి ఈ పని కూడా చూసుకుంటాడని. ఇక్కడ కాసేపు ఆగండి. రాత్రి కాపరి నిద్ర కాపరి చోటికి వస్తే తన మేర తానే దాటినట్టు. ఏ ధర్మానికి తాను రూపమో ఆ ధర్మాన్నే తప్పినట్టు. అంటే ఈ జాతిలో ఎవరూ ఎవరికీ సాయపడలేరు! మిగిలిన ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురికీ బాధ ఉంది, అయినా ఖాళీ చోటువైపు ఒక్క అడుగు కూడా వేయలేరు. మీ ధర్మం మీ జాతినే ఇలా కట్టిపడేసే చోటు కనబడిందంటే పాఠం సగం పూర్తయినట్టే. దాన్నుంచి తప్పించుకోవాలని చూడకండి. విప్పడానికి కూడా ఆ ధర్మంలోంచే దారి వెతకండి.

నేను వెతికిన దారి ఇది. ఇద్దరు కాపరుల బాధ్యతల మధ్య ఉన్నది కూడా ఒక మేరే కదా, దానికీ కాపలా ఉండాలి. వాళ్లను నడిమివాళ్లు అందాం. లోకంలో వాళ్లకంటూ ఒక చోటు లేదు, సముద్రం లేదు, రాత్రి లేదు. అందుకే మిగతావాళ్లకు వాళ్లంటే చిన్నచూపు, సభలో చివరన నిలబడతారు. కానీ ఏ మేరనూ తప్పకుండా ఖాళీ చోట నిలబడగలిగేది వాళ్లొక్కరే. అలా అట్టడుగువాడు కొంతకాలం అందరితో సమానమైన స్థానంలో కూర్చుంటాడు. కొత్త కాపరి తయారవగానే దిగిపోవాలి. పైగా ఇన్ని చోట్ల నిలబడి చూసినవాడు కాబట్టి, ఈ లోకం మొత్తం ఎలా అతుక్కుని ఉందో తెలిసినవాడు వాడొక్కడే. పెద్దలకు తమతమ మేరలు మాత్రమే తెలుసు. ఇప్పుడు మీ చేతిలో ఒక రాజకీయం ఉంది, దాన్ని నేను బయటినుంచి తెచ్చి అతికించలేదు, ధర్మంలోంచే మొలిచింది.

దీన్ని సన్నివేశంగా రాసేటప్పుడు తెలుగు మీకు గొప్ప సాయం చేస్తుంది. హోదాలు వర్ణించక్కర్లేదు, పిలుపు మారిస్తే చాలు.

“నువ్వు ఎంతకాలం నిలబడగలవు?” అని అడిగాడు రాత్రి కాపరి.

“మీరు పంపేదాకా, అయ్యా.”

నడిమివాడు ఖాళీ గీత మీద పాదం పెట్టాడు. నిద్రపోతున్న ఊళ్లన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాయి.

“మీకు భారంగా ఉందా?” అన్నాడు రాత్రి కాపరి. అతని గొంతులో మార్పు లేదు. ఆ గీత మీద నిలబడ్డవాళ్లను అలాగే పిలవాలి.

పాదం పెట్టకముందు నువ్వు, పెట్టాక మీరు. దిగిన రోజు మళ్లీ నువ్వు. ఆ మూడో పిలుపు దగ్గర పాఠకుడి మనసు గుచ్చుకుంటుంది. అక్కడ వివరణ ఇవ్వకుండా వదిలేయండి.

ఖాళీ తర్వాత రెండో పరీక్ష పొరపాటు. క్రమానికే ప్రతిరూపమైన జీవి తప్పు తీర్పు ఇస్తే ఏమవుతుంది? దీనికి మాండవ్యుడి కథను మించిన ఉదాహరణ నాకు తెలియదు. దొంగలు తమ సొమ్ము ఆయన ఆశ్రమంలో దాచారు. మౌనవ్రతంలో ఉన్న ఆయన భటులకు జవాబు చెప్పలేదు, రాజు కొర్రు వేయించాడు. ఆ బాధ అనుభవించాక ఆయన ధర్మదేవత దగ్గరికే వెళ్లి, ఇంత శిక్ష దేనికని నిలదీశాడు. చిన్నప్పుడు నువ్వు పురుగులకు పుల్లలు గుచ్చావు, దాని ఫలం ఇది అని జవాబొచ్చింది. అంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా అని మాండవ్యుడు ధర్ముణ్ణే శపించాడు. ఆ శాపంవల్లే ధర్ముడు విదురుడుగా పుట్టాడు. అంతేకాదు, 14 ఏళ్లలోపు చేసిన పని పాపం కాదని మాండవ్యుడు ఒక కొత్త హద్దు పెట్టాడు.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఆ కొత్త హద్దును. శిక్ష అనుభవించినవాడు బయటినుంచి వచ్చి న్యాయాన్ని సవరించాడు, సవరణ అంకెతో సహా కచ్చితంగా ఉంది, ధర్ముడు దానికి లోబడ్డాడు. “ఇకనుంచి దయతో ఉంటాం” లాంటి వాక్యం మీ కథలో రాశారంటే మీ జాతి అక్కడే సడలిపోతుంది. క్రమంతో బతికేవాళ్లు దయను కూడా ఒక నియమంగానే రాసుకుంటారు. మేరకాపరుల విషయంలో నేనైతే ఇలా రాస్తాను. ఒకామె చనిపోయిన బిడ్డను కలలో ఎత్తుకుంది, మెలకువ రాగానే కాపరి ఆ చేతుల్లోంచి లాగేసుకున్నాడు. ఆమె వాళ్ల సభకు వెళ్లి వాదించింది. చివరికి వచ్చిన సవరణ, కళ్లు తెరిచాక మూడు ఊపిరులదాకా ఆ కల కన్నవాళ్లదే. ఇంత చిన్నది చాలు.

కబురు ఎలా అందుతుందన్నది మాత్రం క్లుప్తంగా చెబుతాను, దీనికి వేరే పాఠం ఉంది. ఋగ్వేదంలో వరుణుడికి గూఢచారులున్నారు, దేవతల వేగులు ఒకచోట నిలవరు, రెప్ప వాల్చరు. చైనా వంటింటి దేవుడు ఏడాది చివర పైకి వెళ్లి ఆ ఇంటి సంగతులు నివేదిస్తాడు. మొదటి పద్ధతిలో ఎవరికీ చాటు లేదు, రెండోదాంట్లో ఏడాది పొడవునా సర్దుకునే వీలుంది. మీ జాతి ఈ రెండిట్లో దేనికి దగ్గరో ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి, ప్రస్తుతానికి అంతే.

ఈ వారం అభ్యాసం. మూడో పాఠంలో రాసుకున్న బాధ్యతల్లో మీకు బాగా ఇష్టమైనదాన్ని తీసుకుని, ఆ చోటు ఖాళీ చేయండి. ఇష్టం లేనిదాన్ని తీసేస్తే నష్టం మీకే తెలియదు. నహుషుడి దగ్గర అడిగిన నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాయండి, ఒక్కోటి మూడు నాలుగు వాక్యాలు. జవాబులో “మహాశక్తి నిర్ణయిస్తుంది” అన్న మాట వస్తే కొట్టేసి మళ్లీ రాయండి. తర్వాత ఆ ఖాళీ వల్ల మామూలు మనుషుల బతుకులో మొదటి రోజు ఏం చెడిందో ఒక పేజీ రాయండి. అందులో మీ దివ్యజాతి పేరు ఒక్కసారి కూడా రాకూడదు, జరిగే నష్టం నుంచే వాళ్ల పని ఏమిటో తెలియాలి. టైమ్ ఉంటే సవరణ కోరుతూ వచ్చిన ఒక మనిషి వాదనను కూడా రాయండి. ఆ మనిషికి చట్టం తెలియదు, తన బాధ తెలుసు. వాదన అలాగే ఉండనివ్వండి, సరిదిద్దకండి.

అయిదో పాఠానికి ఈ పేజీలు దగ్గర పెట్టుకోండి. తన చోటు వదిలి వెళ్లిపోయిన కాపరి ఎక్కడికి వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు అన్నది అక్కడ తీసుకుంటాం.