కంపోస్టబుల్ క్యారీబ్యాగులకు సీపీసీబీ సర్టిఫికెట్: దరఖాస్తు విధానం

2022 డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కంపోస్టబుల్ సంచులకు, అంటే కంపోస్టులో కుళ్లి ఎరువులో కలిసిపోయేవాటికి, ఈ నిబంధన లేదు. కానీ 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, వాటిని అమ్మకానికి పెట్టేముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) సర్టిఫికెట్ తీసుకోవాలి. చాలామంది ముందు మెషిన్ కొని, సంచులు ప్రింట్ చేయించి, ఆ తర్వాత దీని గురించి అడుగుతారు. అప్పటికే డబ్బు ఇరుక్కుపోయి ఉంటుంది. దయచేసి ఆ పొరపాటు చేయకండి.

మొదట మొదలుపెట్టాల్సింది ల్యాబ్ పరీక్ష. ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ప్రకారం సిపెట్ (ప్లాస్టిక్ రంగంలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ) వంటి గుర్తింపు ఉన్న సంస్థలో చేయించాలి. సంచి ముక్కల్ని దాదాపు 58 డిగ్రీల వేడిలో ఉండే కంపోస్టులో కలుపుతారు. 12 వారాలయ్యాక 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. జల్లెడ పైన పదో వంతుకు మించి మిగిలితే ఫెయిలే. అందులోని కార్బన్‌లో 90 శాతం 180 రోజుల్లోపు కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఆ కంపోస్టులో విత్తనాలు సరిగా మొలవాలి. అంటే రిపోర్టుకే నెలలు పడుతుంది, టెన్షన్ పడినా త్వరగా రాదు. మరో సంగతి: పరీక్షకు ఇచ్చినదానికన్నా మందంగా సంచి చేస్తే ఆ రిపోర్టు దానికి పనికిరాదు.

ఈలోగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్‌ఈ (యూనిట్ నెలకొల్పడానికి), సీఎఫ్‌ఓ (దాన్ని నడపడానికి) అనుమతులు తెచ్చుకోండి. వీటితో పాటు పాన్, జీఎస్టీ, తయారీ విధానం, ముడిసరుకు వివరాలు, ల్యాబ్ రిపోర్టు జతచేసి సీపీసీబీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. యూనిట్ పేరు, చిరునామా అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి.

సర్టిఫికెట్ చేతికొచ్చాకే ప్రింటింగ్. ప్రతి సంచిపై ‘కంపోస్టబుల్’ అనే మాట, తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ‘బయోడిగ్రేడబుల్’ అని వేయకండి, అది వేరే. దానికి ప్రమాణమూ వేరు. మామూలు ప్లాస్టిక్‌లో ఏదో పౌడరు కలిపి ఆ పేరుతో అమ్మేవాళ్లవల్లే నిజాయితీగా చేసేవాళ్లకూ చెడ్డపేరు వస్తోంది. కంపోస్టు యార్డులో సంచి పట్టుకుని చూసే కార్మికురాలికి ఆ మాట, ఆ నంబరే ఆధారం. అందుకే అక్షరాలు స్పష్టంగా కనబడేలా వేయించండి. ప్రెస్సుకు ఇచ్చేముందు నంబరులోని ప్రతి అంకెనూ సర్టిఫికెట్‌తో సరిచూసుకోండి.